ఎంస్క్రిప్టెన్ కొత్త వెర్షన్‌కు మారితే ఏవి విరుగుతాయి, ఎందుకు

చీమకుర్తి క్వారీ నుంచి వచ్చిన బ్లాక్ గెలాక్సీ బ్లాకును కోస్తే 2 సెంటీమీటర్ల స్లాబులు ఎన్ని వస్తాయి, 3 సెంటీమీటర్లవి ఎన్ని వస్తాయి, రంపం వాటుకు ఎంత రాయి పొడిగా పోతుంది అని లెక్కకట్టే సీ++ ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. ఒంగోలులో ఒక చిన్న బృందం దాన్ని ఎప్పుడో డెస్క్‌టాప్ కోసం రాసింది. కొనుగోలుదారు ఫోన్‌లోనే చూసుకునేలా తర్వాత, సీ, సీ++ కోడును బ్రౌజర్‌లో నడిచేలా మార్చే టూల్‌కిట్ అయిన ఎంస్క్రిప్టెన్ 1.39తో దాన్ని వెబ్‌అసెంబ్లీలోకి (బ్రౌజర్లు నడిపే బైనరీ రూపం, పొట్టిగా వాస్మ్) మార్చింది. అది పనిచేస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు కొత్త లైబ్రరీ ఒకటి కలపాల్సి వచ్చింది, ఆ లైబ్రరీకి పాత కంపైలర్ చాలదు. అప్‌డేట్ తప్పదు.

ఇలాంటి చోట మొదట తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎంస్క్రిప్టెన్‌కు దీర్ఘకాల మద్దతు ఉండే శాఖలు లేవు. రెండు మూడు వారాలకొక విడుదల వస్తుంది, లోపాల సవరణలన్నీ సరికొత్త విడుదలలోకే వెళతాయి. 1.39లో ఉన్న దోషాన్ని 1.39లోనే ఎవరూ బాగుచేయరు. కాబట్టి వాయిదా వేసేకొద్దీ దాటాల్సిన దూరం పెరుగుతుంది.

రెండోది, ఎంస్క్రిప్టెన్ ఒక్క కంపైలర్ కాదు. కోడును చదివి ఆబ్జెక్ట్ ఫైళ్లుగా మార్చేది క్లాంగ్. వాటిని కలిపేది వాస్మ్-ఎల్‌డీ. వచ్చిన ఫైలును కుదించి చురుకు చేసేది బైనరీయెన్‌లోని వాస్మ్-ఆప్ట్. సీ లైబ్రరీగా మజిల్, సీ++ లైబ్రరీగా లిబ్‌సీ++ ఉంటాయి. బ్రౌజర్‌కూ వాస్మ్‌కూ మధ్య వంతెనగా ఉండే జావాస్క్రిప్ట్‌ను పుట్టించే స్క్రిప్టులు నోడ్ మీద నడుస్తాయి. వీటన్నిటినీ నడిపించే ఈఎంసీసీ పైథాన్ ప్రోగ్రాం. వెర్షన్ నంబరు ఒకటి మారిందంటే ఇవన్నీ ఒకేసారి మారినట్టు. అందుకే ‘మా కోడులో ఒక్క అక్షరం మార్చలేదు, అయినా విరిగింది’ అనే మాట అప్‌డేట్ సమయంలో అంత తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నిజమే. చాలాసార్లు మారేది కోడు చుట్టూ ఉన్న డిఫాల్ట్‌లు.

కింద సెట్టింగుల పేర్లు పలికినట్టుగా రాశాం. కమాండులో రాసేటప్పుడు అవి పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోరుతో, ముందు హైఫన్, చిన్న ఎస్ పెట్టి రాయాలి.

కొత్తది దించుకునే ముందు

పాత టూల్‌కిట్ ఫోల్డరును చెరపకూడదు. ఎంస్క్రిప్టెన్ వెర్షన్లను దించి అమర్చే సాధనమైన ఈఎంఎస్‌డీకేలో కొత్త వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేస్తే అది అప్‌స్ట్రీమ్ అనే ఒకే ఫోల్డరులోకి వెళుతుంది, అంతకుముందు అక్కడున్నది పోతుంది. రెండు వెర్షన్లు పక్కపక్కన కావాలంటే ఈఎంఎస్‌డీకే రిపోజిటరీని వేరే ఫోల్డరులోకి ఇంకోసారి క్లోన్ చేయడమే సరైన దారి. ఒక్కో వెర్షన్ విప్పాక ఒక గిగాబైట్ దాటుతుంది కాబట్టి డిస్కులో చోటు ముందే చూసుకోవాలి. డాకర్ వాడేవారికి ఈ తలనొప్పి లేదు. ఎంస్క్రిప్టెన్ పేరు మీదే అధికారిక ఇమేజ్ ఉంది, ప్రతి వెర్షన్‌కూ ఒక ట్యాగు ఉంటుంది.

కొత్త ఫోల్డరులో క్రమం ఇది: గిట్ పుల్, తర్వాత ఈఎంఎస్‌డీకే ఇన్‌స్టాల్, పక్కన వెర్షన్ నంబరు, ఆ తర్వాత అదే నంబరుతో యాక్టివేట్. చివరగా ఎన్విరాన్‌మెంట్ స్క్రిప్టును షెల్‌లోకి సోర్స్ చేయాలి. విండోస్‌లో దానికి బ్యాచ్ ఫైలు ఉంది. గిట్ పుల్ మరిస్తే కొత్త విడుదలల జాబితా ఈఎంఎస్‌డీకేకు తెలియదు, ఆ వెర్షన్ లేదంటుంది. నంబరు బదులు లేటెస్ట్ అని రాయడం ప్రయోగాలకు సరే, బిల్డు స్క్రిప్టులో మాత్రం ఎప్పుడూ రాయకూడదు. ఈ రోజు నడిచిన స్క్రిప్టు వచ్చే నెల మరో కంపైలర్‌తో నడుస్తుంది, తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోలేరు.

యాక్టివేట్ అయ్యాక ఈఎంసీసీ వెర్షన్ అడిగి చూడాలి. కొత్త నంబరుకు బదులు పాతదే కనిపిస్తే రెండు చోట్ల వెతకాలి. ఒకటి, పాత్‌లో పాత ఫోల్డరు ముందుండటం. రెండు, హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఎంస్క్రిప్టెన్ కాన్ఫిగ్ ఫైలు పాతకాలంది మిగిలిపోవడం. పాత ఈఎంఎస్‌డీకే ఆ ఫైలును హోమ్‌లో రాసేది, కొత్తది తన ఫోల్డరులోనే రాసుకుంటుంది. ఈఎం కాన్ఫిగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పాత దారి వైపు చూపుతుంటే కూడా ఇదే జరుగుతుంది.

సీమేక్ వాడే ప్రాజెక్టులో బిల్డు ఫోల్డరును పూర్తిగా తీసేసి, ఈఎంసీమేక్‌తో మొదటి నుంచి కాన్ఫిగర్ చేయాలి. సీమేక్ క్యాష్ పాత కంపైలర్ దారిని గుర్తుపెట్టుకుంటుంది. కొత్త టూల్‌కిట్ యాక్టివ్‌గా ఉన్నా సగం ఫైళ్లు పాతదానితో కంపైల్ అయ్యే ప్రమాదం అక్కడే ఉంది. ఆబ్జెక్ట్ ఫైళ్లకూ స్టాటిక్ లైబ్రరీలకూ వెర్షన్ల మధ్య పొంతన ఉంటుందన్న హామీ ఎంస్క్రిప్టెన్ ఇవ్వదు. మూడేళ్ల కిందట కట్టి రిపోజిటరీలో పెట్టుకున్న ఇమేజ్ లైబ్రరీని అలాగే లింక్ చేస్తే కొన్నిసార్లు లింకర్ నిలదీస్తుంది. కొన్నిసార్లు అన్నీ బాగున్నట్టే సాగి, నడిచేటప్పుడు చెడుతుంది. మొత్తం మళ్లీ కట్టాల్సిందే. మొదటి బిల్డు నెమ్మదిగా సాగితే కంగారు పడనక్కర్లేదు. అవసరమైన సిస్టం లైబ్రరీలను కట్టి క్యాష్‌లో పెట్టుకునే పని కూడా అందులో ఉండొచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఊపిరాడక ఆగుతుంటే ఈఎంసీసీ కోర్స్ అనే వేరియబుల్‌తో ఒకేసారి నడిచే పనుల సంఖ్యను తగ్గించవచ్చు.

ఒక్క గెంతు వద్దు

1.39 నుంచి నేరుగా 4 సిరీస్‌కు దూకితే లోపాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఏది దేనివల్లో విడదీయలేం. మధ్యలో మజిలీలు పెట్టుకోవాలి. 2.0.34, 3.1.26, 3.1.74, ఆ తర్వాత 4 సిరీస్ అన్నది ఆచరణలో పనికొచ్చే వరుస. ప్రతి మజిలీలోనూ బిల్డు చేసి, పరీక్షలు నడిపి, గిట్‌లో కమిట్ చేసి, ఆ మేరకు చేంజ్‌లాగ్ (ఏ విడుదలలో ఏది మారిందో చెప్పే జాబితా) చదివి ముందుకు కదలాలి.

ఈ అంకెలకు కారణాలున్నాయి. 2020 ఆగస్టులో వచ్చిన 2.0.0తో ఫాస్ట్‌కాంప్ అనే పాత బ్యాకెండ్ (చివరి కోడును పుట్టించే భాగం) పూర్తిగా పోయింది. అప్పటినుంచి, క్లాంగ్‌కు ఆధారమైన ఎల్‌ఎల్‌వీఎంలోని సొంత వెబ్‌అసెంబ్లీ బ్యాకెండ్ ఒక్కటే దిక్కు. ఫాస్ట్‌కాంప్ రోజుల్లో ఆబ్జెక్ట్ ఫైలు అంటే ఎల్‌ఎల్‌వీఎం బిట్‌కోడ్, ఇప్పుడది వాస్మ్ ఆబ్జెక్ట్. బీసీ అనే తోకతో ఫైళ్లు పుట్టించి, తర్వాత వాటిని కలుపుకునే పాత మేక్‌ఫైళ్లను ఇక్కడే తిరగరాయాలి. 2.0కు కాస్త ముందు నుంచే మాడ్యులరైజ్ సెట్టింగుతో కట్టిన మాడ్యూల్ ఫంక్షన్ ప్రామిస్‌ను, అంటే ఫలితం తర్వాత అందుతుందని చెప్పే ఆబ్జెక్టును, తిరిగిస్తోంది. పాత జావాస్క్రిప్ట్ ఆ ఫలితాన్నే మాడ్యూల్ అనుకుని వెంటనే సీ ఫంక్షన్‌ను పిలిస్తే, అలాంటి ఫంక్షన్ లేదని బ్రౌజర్ చెబుతుంది. అవేట్ పెట్టడమే మందు.

3.1.26 దగ్గర ఆగమనడానికి కారణం దాని తర్వాతి విడుదల. 3.1.27లో డిఫాల్ట్ స్టాక్, అంటే ఫంక్షన్ల లోపలి వేరియబుళ్లు ఉండే మెమరీ, 5 మెగాబైట్ల నుంచి 64 కిలోబైట్లకు తగ్గింది. పాత ప్రాజెక్టులను ఎక్కువగా దెబ్బతీసేది ఈ మార్పే. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

స్టాక్ దగ్గర జరిగేది

స్లాబు ఫొటోలో మరకల్ని గుర్తించే ఫంక్షన్ ఒకటి తన లోపల 256 వరుసలు, 256 నిలువుల ఫ్లోట్ ఎర్రే పెట్టుకుందనుకుందాం. ఒక్కో ఫ్లోట్ 4 బైట్లు, మొత్తం 2,62,144 బైట్లు, అంటే 256 కిలోబైట్లు. 5 మెగాబైట్ల స్టాక్‌లో అది ఒక మూలకు సరిపోయేది. 64 కిలోబైట్లలో పట్టదు. వాస్మ్‌లో ఈ స్టాక్ ప్రోగ్రాం మెమరీలోనే ఒక భాగం, పై నుంచి కిందికి పెరుగుతుంది. దానికి కాపలాగా ఆపరేటింగ్ సిస్టం పెట్టే గార్డు పేజీ లాంటిది లేదు. హద్దు దాటిన రాతలు కింద ఏ డేటా ఉంటే దాని మీద పడతాయి. ఆప్టిమైజ్ చేసిన బిల్డులో తనిఖీలు ఉండవు కాబట్టి ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగకపోవచ్చు. స్లాబుల లెక్క తప్పు రావచ్చు, పేరుండాల్సిన చోట చెత్త అక్షరాలు రావచ్చు, ఎప్పుడో సంబంధం లేని చోట మెమరీ హద్దు దాటిందని ఆగిపోవచ్చు. తప్పు లెక్క వచ్చి కూడా నడుస్తూ ఉండటం వీటన్నిటిలోకీ ప్రమాదకరం. ఆ అంకె మీద రాయి ధర కడతారు.

అందుకే కొత్త వెర్షన్‌తో మొదటి బిల్డు ఆప్టిమైజేషన్ లేకుండా చేయాలి. అప్పుడు అసర్షన్స్ అనే తనిఖీలు వాటంతటవే ఆన్‌లో ఉంటాయి, స్టాక్ పొంగితే ఆ మాటే చెబుతాయి. ఏ ఫంక్షన్ పొంగించిందో కచ్చితంగా తెలియాలంటే స్టాక్ ఓవర్‌ఫ్లో చెక్‌ను 2కు పెట్టాలి. మందు రెండు రకాలు. స్టాక్ సైజ్ అనే సెట్టింగుతో పాత 5 మెగాబైట్లనే మళ్లీ ఇవ్వడం తక్షణ ఉపశమనం. దీని పాత పేరు టోటల్ స్టాక్. ఆ పేరు స్క్రిప్టులో కనిపిస్తే కొత్తదానికి మార్చడం మంచిది. పెద్ద ఎర్రేలను స్టాక్ మీద నుంచి తీసి వెక్టర్‌లోకి మార్చడం అసలు మరమ్మతు. తక్షణ ఉపశమనంతో విడుదల చేసి, అసలు మరమ్మతును తర్వాతి పనిగా రాసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక్కడ ఒక తికమక ఉంది. వాస్మ్ ప్రోగ్రాముకు స్టాకులు రెండు. చిరునామా అవసరమైన లోకల్ వేరియబుళ్లు, ఎర్రేలు ఉండేది పైన చెప్పిన మెమరీ స్టాక్. ఫంక్షన్ పిలుపులు పేరుకునేది బ్రౌజర్ సొంత కాల్ స్టాక్. రాతిలో చీలికను చుక్క చుక్కగా వెతుక్కుంటూ తనను తానే పిలుచుకునే ఫ్లడ్‌ఫిల్ ఫంక్షన్, పెద్ద ఫొటో మీద రెండోదాన్ని నింపేస్తుంది. అప్పుడు కన్సోల్‌లో గరిష్ఠ కాల్ స్టాక్ దాటిందన్న ఎర్రర్ వస్తుంది. స్టాక్ సైజ్ ఎంత పెంచినా అది పోదు. రికర్షన్ తీసేసి, సొంత క్యూ పెట్టుకుని లూపుగా రాయాలి.

మెమరీ లెక్క

ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు, పిక్సెల్‌కు 4 బైట్లు అయితే విప్పాక 4,80,00,000 బైట్లు. ఎంస్క్రిప్టెన్ డిఫాల్ట్ ప్రారంభ మెమరీ 16 మెగాబైట్లు, కాబట్టి ఒక్క ఫొటోకే చాలదు. వాస్మ్ మెమరీ 64 కిలోబైట్ల పేజీలుగా ఉంటుంది. ఈ ఫొటోకు 733 పేజీలు, అంటే 4,80,37,888 బైట్లు కావాలి. ఇనీషియల్ మెమరీని సొంతంగా ఇచ్చేవారు 65,536తో నిశ్శేషంగా భాగించబడే అంకెనే ఇవ్వాలి. పాత స్క్రిప్టుల్లో ఇది టోటల్ మెమరీ పేరుతో ఉంటుంది.

అలౌ మెమరీ గ్రోత్ పెడితే అవసరాన్ని బట్టి మెమరీ పెరుగుతుంది. అయితే పెరిగిన ప్రతిసారీ పాత బఫర్ జావాస్క్రిప్ట్ చేతి నుంచి జారిపోతుంది. హీప్ వ్యూను (ప్రోగ్రాం మెమరీని జావాస్క్రిప్ట్ చూసే ఎర్రే) ఒకసారి వేరియబుల్‌లో దాచుకుని తర్వాత వాడితే దాని పొడవు సున్నా అని వస్తుంది. ఫొటో ఎక్కించాక తెర నల్లగా మిగిలిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. సీ ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ వ్యూను మాడ్యూల్ నుంచి తాజాగా తీసుకోవాలి.

ఆ తాజాగా తీసుకోవడం కూడా 4 సిరీస్‌లో దానంతటదే జరగదు. హీప్ యూ8 వంటి వ్యూలు డిఫాల్ట్‌గా బయటికి ఎగుమతి కావు. ఎక్స్‌పోర్టెడ్ రన్‌టైమ్ మెథడ్స్ జాబితాలో వాటి పేర్లు చేర్చాలి. జావాస్క్రిప్ట్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే సీకాల్, సీవ్రాప్ కూడా ఆ జాబితాలోవే. మాలాక్, ఫ్రీ మాత్రం వేరే జాబితాలో ఉండాలి. అవి సీ ఫంక్షన్లు కాబట్టి ముందు అండర్‌స్కోరు పెట్టి ఎక్స్‌పోర్టెడ్ ఫంక్షన్స్‌లో రాయాలి. ఈ రెండు జాబితాలను తారుమారు చేయడం చాలా మామూలు పొరపాటు. పాత ఎంస్క్రిప్టెన్ ఉదారంగా అన్నీ బయటపెట్టేది. ఫైలు సైజు తగ్గించడానికి కొత్తవి అడిగినవే ఇస్తున్నాయి. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు గట్టు మీద బలహీనమైన సిగ్నల్‌లో మేత లెక్క కట్టే ఇలాంటి ప్రోగ్రామును తెరిచే రైతుకు ఆ సైజు తగ్గడం నిజమైన మేలు. ఈ మార్పును సణుక్కోకుండా ఒప్పుకోవాలి.

కంపైలరే కఠినమైన చోట

2023 మార్చిలో వచ్చిన క్లాంగ్ 16 పాత సీ కోడు విషయంలో పట్టుబిగించింది. డిక్లరేషన్ లేకుండా ఫంక్షన్‌ను పిలవడం, టైపు రాయకుండా ఇంట్ అని ఊహించుకోమనడం అంతకుముందు హెచ్చరికలతో సరిపోయేవి, ఇప్పుడవి ఎర్రర్లు. హెడర్ చేర్చితే తీరిపోతుంది. ఆ ఎర్రర్‌ను ఫ్లాగుతో అణచడం మాత్రం వాస్మ్‌లో ప్రమాదం. ఎక్స్86 మీద ఆర్గ్యుమెంట్ల సంఖ్య తేడాగా ఉన్నా పిలుపు ఎలాగో నడిచిపోవచ్చు. వాస్మ్‌లో ప్రతి ఫంక్షన్‌కూ టైపు సంతకం ఉంటుంది, ఫంక్షన్ పాయింటర్ ద్వారా పిలిచినప్పుడు ఆ సంతకం కలవకపోతే అమలు అక్కడే ఆగిపోతుంది. లింకర్ ఇచ్చే సిగ్నేచర్ మిస్‌మ్యాచ్ హెచ్చరికను దాటేయకూడదన్నది ఇందుకే.

అదే క్లాంగ్‌తో డిఫాల్ట్ సీ++ ప్రమాణం 14 నుంచి 17కు మారింది. ఆటో పాయింటర్, ర్యాండమ్ షఫిల్, రిజిస్టర్ అనే కీవర్డు 17లో లేవు. సమయం లేకపోతే ప్రమాణాన్ని 14 అని స్పష్టంగా రాసి ఆ మజిలీ దాటవచ్చు.

ఎర్రర్ ఆన్ అన్‌డిఫైన్డ్ సింబల్స్‌ను సున్నా చేసి బిల్డు ‘విజయవంతం’ చేసుకునే అలవాటు చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది. అలా వదిలిన ఫంక్షన్ నడిచేటప్పుడు ఎవరో ఆ బటన్ నొక్కినప్పుడు ఆగిపోతుంది. అప్‌డేట్ సమయంలో ఈ సెట్టింగును తీసేసి, లేని సింబల్ ఒక్కొక్కటీ ఎక్కడిదో తేల్చుకోవాలి.

64 బిట్ల అంకెలు

4.0.0 నుంచి వాస్మ్ బిగ్‌ఇంట్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది. అంతకుముందు లాంగ్ లాంగ్ విలువ జావాస్క్రిప్ట్ హద్దు దగ్గర రెండు 32 బిట్ల ముక్కలుగా విడిపోయేది. ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లో పెద్ద పూర్ణాంకాల టైపైన ఒకే బిగ్‌ఇంట్‌గా వస్తుంది. మామూలు నంబరుతో దాన్ని కూడితే టైప్ ఎర్రర్. దీనికి తోడు మజిల్ 1.2లో, సమయాన్ని పట్టే సీ టైపు అయిన టైమ్ టీ 64 బిట్లు. ఆ మేత ప్రోగ్రాములో, చెరువులో రొయ్య పిల్ల వదిలిన తేదీని టైమ్ టీగా తిరిగిచ్చే ఫంక్షన్ ఉంటే, దాన్ని నేరుగా తేదీ ఆబ్జెక్టులోకి పంపే పాత జావాస్క్రిప్ట్ లైను ఇక్కడ పడిపోతుంది. హద్దు దాటే చోటే నంబరుగా మార్చుకోవాలి, లేదా సీ వైపు డబుల్‌గా తిరిగివ్వాలి. ముక్కల్ని కలిపే పాత కోడు ఎక్కడైనా మిగిలితే తీసేయాలి.

ఇదే కాలంలో బల్క్ మెమరీ (మెమరీని పెద్ద ముక్కలుగా కాపీ చేసే ఆదేశాలు) వంటి కొత్త వాస్మ్ సౌకర్యాలు కూడా డిఫాల్ట్ అయ్యాయి. కొత్త బ్రౌజర్లన్నిటిలో ఇవి ఉన్నాయి. అప్‌డేట్ కాని పాత ఐఫోన్ సఫారీలో మాత్రం ఫైలు కంపైల్ కాకుండానే ఆగుతుంది. వాడేవారిలో అలాంటి ఫోన్లు ఉంటే మిన్ సఫారీ వెర్షన్ సెట్టింగులో కావలసిన కనీస వెర్షన్‌ను ఇవ్వాలి.

సర్వర్ మీద పెట్టేటప్పుడు

బిల్డు సరిగా ఉండి, పరీక్షలన్నీ దాటి, సైటులో పెట్టిన రోజే ఫిర్యాదులు రావడానికి ఎక్కువ కారణం బ్రౌజర్ క్యాష్. ఎంస్క్రిప్టెన్ ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫైలూ వాస్మ్ ఫైలూ ఒకే బిల్డులో పుట్టిన జంట. గట్టి ఆప్టిమైజేషన్‌లో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ పేర్లు ఒకటి రెండు అక్షరాలకు కుదిస్తారు, ఏ అక్షరం దేనికో ఆ బిల్డుకే తెలుసు. ఫోన్‌లో పాత జావాస్క్రిప్ట్ ఉండిపోయి, కొత్త వాస్మ్ దిగితే లింక్ ఎర్రర్ వస్తుంది. డెవలపర్ యంత్రంలో ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎప్పుడూ రెండూ తాజాగా ఉంటాయి. సర్వీస్ వర్కర్ (ఫైళ్లను ఫోన్‌లో దాచి ఇవ్వగల స్క్రిప్టు) ఉన్న సైటులో ఈ అవకాశం మరీ ఎక్కువ. బిల్డు నంబరుతో ఒక ఫోల్డరు చేసి రెండు ఫైళ్లనూ అందులోనే పెట్టి, మాడ్యూల్‌లోని లొకేట్ ఫైల్ ఫంక్షన్ అదే ఫోల్డరును చూపేలా రాయాలి. పాత ఫోల్డరును కొన్ని వారాలు అక్కడే ఉంచితే సగంలో ఉన్నవారి పని చెడదు.

వాస్మ్ ఫైలును సర్వర్ అప్లికేషన్ స్లాష్ వాస్మ్ అనే మైమ్ టైపుతో పంపాలి. లేకపోతే దిగుతూ ఉండగానే కంపైల్ అయ్యే వేగం పోతుంది, ప్రోగ్రాం నెమ్మదిగానైనా నడుస్తుంది. థ్రెడ్లు వాడేవారికి ఇంతకన్నా కఠినమైన షరతు ఉంది. స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డ తర్వాత, థ్రెడ్లు పంచుకునే మెమరీ అయిన షేర్డ్ ఎర్రే బఫర్‌కు బ్రౌజర్లు క్రాస్ ఆరిజిన్ ఐసొలేషన్‌ను (పేజీని ఇతర సైట్ల నుంచి వేరుచేయడం) తప్పనిసరి చేశాయి. పేజీ ఓపెనర్ పాలసీ హెడర్‌ను సేమ్ ఆరిజిన్ అనీ, ఎంబెడర్ పాలసీ హెడర్‌ను రిక్వైర్ కార్ప్ అనీ పంపకపోతే థ్రెడ్లు మొదలే కావు. ఈ హెడర్లు పెట్టాక బయటి సైటు నుంచి తెచ్చుకునే మ్యాపులు, బొమ్మలు ఆగిపోవచ్చు. వాటినీ ఒకసారి చూసుకోవాలి.

అయినా ఏదో ఒకటి చెడి, ఏ వెర్షన్‌లో చెడిందో తెలియకపోతే సగం సగం చేస్తూ వెతకాలి. 3.1.0లో బాగుండి 3.1.74లో చెడితే ముందు 3.1.37 పరీక్షించాలి, ఫలితాన్ని బట్టి ఏ సగంలో ఉందో అటు వెళ్లాలి. ఏడు బిల్డులకు మించకుండా చెడిన విడుదల దొరుకుతుంది. ప్రతి బిల్డుకూ ముందు బిల్డు ఫోల్డరును ఖాళీ చేయడం ఈ వెతుకులాటలో కూడా తప్పనిసరి. దొరికిన విడుదల చేంజ్‌లాగ్ పేరా చదివితే చాలావరకు కారణం అక్కడే ఉంటుంది. అక్కడా లేకపోతే, తప్పును చూపించే పాతిక లైన్ల చిన్న ప్రోగ్రామును వేరుచేసి, చివరగా బాగున్న, మొదట చెడిన వెర్షన్ నంబర్లతో పాటు ఎంస్క్రిప్టెన్ రిపోజిటరీలో ఇష్యూగా పెట్టాలి. పెద్ద ప్రాజెక్టు మొత్తాన్ని ఎవరూ దించుకుని చూడరు, చిన్న ప్రోగ్రామును మాత్రం చూస్తారు.